ప్రళయానికి తేదీ ఎవరు వేస్తున్నారు?

1962 ఫిబ్రవరి మొదటి వారంలో దేశంలో ఎక్కడ చూసినా హోమగుండాలే. మకర రాశిలో ఎనిమిది గ్రహాలు ఒక్కచోట చేరుతున్నాయని, ఆ అష్టగ్రహ కూటమితో లోకం ముగిసిపోతుందని ప్రచారం. ఊరూరా శాంతి పూజలు, అఖండ భజనలు, నామ సంకీర్తనలు. ప్రధాని నెహ్రూ ఇదంతా నవ్వులాటని కొట్టిపారేశారు గానీ, హోమాలు ఆగలేదు.

ఏ హోమమైనా సంకల్పంతోనే మొదలవుతుంది. మనం ఏ కాలంలో, ఏ చోట ఉన్నామో ముందు చెప్పుకోవాలి. “శ్వేతవరాహ కల్పే, వైవస్వత మన్వంతరే, కలియుగే, ప్రథమపాదే” అంటూ పురోహితుడు చదువుతుంటే కర్త చేతులు జోడించుకుని వింటాడు. కలియుగం మొత్తం 4,32,000 ఏళ్లు. అందులో ప్రథమపాదం, అంటే మొదటి పావు భాగమే, 1,08,000 ఏళ్లు. లోకం రేపో ఎల్లుండో ముగిసిపోకుండా చూడమని చేసే హోమం మొదటి వాక్యంలోనే, కలియుగం ముగియడానికే ఇంకా మూడు లక్షల ఏళ్లకు పైగా గడువుందని ప్రకటిస్తోందన్నమాట. చదివిన వాళ్లకూ విన్న వాళ్లకూ ఇది అడ్డు తగిలినట్టు లేదు.

దీన్ని జనం అమాయకత్వం కింద కట్టేసి ఊరుకోవచ్చు. కానీ అందులో ఇంకో సంగతి ఉంది. గత నూరేళ్లకు పైగా మన దగ్గర తేదీతో సహా వచ్చిన ప్రళయ భయాలను వరసగా చూస్తే, ఆ తేదీ మతగ్రంథం నుంచి వచ్చిన సందర్భాలు బాగా తక్కువ. గ్రహగణితం, దూరదర్శిని, అంతరిక్ష సంస్థ ప్రకటన, ప్రయోగశాల ప్రారంభోత్సవం లాంటి వాటి నుంచే ఎక్కువగా తేదీలు పుట్టాయి. సంఘటన నిజమే, లెక్క కూడా చాలాసార్లు సరైనదే. దాని చివర ‘అంతం’ అన్న మాట ఒక్కటే తర్వాత ఎవరో తగిలించింది.

గ్రంథాలు ఏమంటున్నాయి?

పురాణాలు ప్రళయాన్ని నాలుగు రకాలుగా చెబుతాయి. ప్రాణులకు రోజూ కలిగే మరణం నిత్య ప్రళయం. బ్రహ్మకు ఒక పగలు గడిచాక వచ్చేది నైమిత్తికం. బ్రహ్మ ఆయుర్దాయం తీరినప్పుడు ప్రాకృతం. జీవుడు మోక్షం పొందడం ఆత్యంతికం. బ్రహ్మ పగలు అంటే వెయ్యి మహాయుగాలు, 432 కోట్ల ఏళ్లు. (ఈ అంకె భూమి వయసుకు దగ్గరగా ఉందని మురిసిపోయే వాళ్లున్నారు. కలియుగం లెక్కను పదిరెట్లు చేస్తే మహాయుగం, దాన్ని వెయ్యిరెట్లు చేస్తే ఈ అంకె. భూమిని చూసి కట్టిన లెక్క కాదిది.)

కలియుగం మొదలైంది క్రీ.పూ. 3102లో అని సిద్ధాంత గ్రంథాల లెక్క. ఆర్యభటుడు తనకు 23 ఏళ్లు నిండేనాటికి కలిలో 3600 ఏళ్లు గడిచాయని చెప్పుకున్నాడు, అది క్రీ.శ. 499 అవుతుంది. అదే లెక్కన 2026 ఉగాదికి 5127 ఏళ్లు గడిచాయి. పంచాంగం మొదటి పుటల్లోనే ఈ కలిగతాబ్దాల అంకె ఉంటుంది. ఉగాది నాడు పంచాంగ శ్రవణానికి కూర్చున్న వాళ్లకు అది చెవిన పడే ఉంటుంది గానీ, రాశిఫలాలూ ఆదాయ వ్యయాలూ వచ్చేదాకా ఎవరు శ్రద్ధగా వింటారు?

ఇక్కడ ఒక తమాషా ఉంది. పాత ఖగోళ గ్రంథమైన సూర్యసిద్ధాంతం వరసలో చూస్తే, గ్రహాలన్నీ మేషాది (మేషరాశి మొదలు) దగ్గర ఒక్కచోట కూడి ఉన్న క్షణం నుంచే కలియుగం లెక్క మొదలవుతుంది. గణితం నడవడానికి ఒక సున్నా కావాలి, ఆ సున్నాను గ్రహాల కూటమి దగ్గర పెట్టారు. మన సిద్ధాంతుల దృష్టిలో గ్రహకూటమి యుగారంభానికి గుర్తు. 1962లో అదే గుర్తును యుగాంతానికి అంటగట్టారు.

మిగతా మతాల గ్రంథాలైతే తేదీ అడిగితే చేతులెత్తేస్తాయి. ఆ దినమూ ఆ గడియా తండ్రికి తప్ప ఎవరికీ తెలియవని మత్తయి సువార్త 24వ అధ్యాయం అంటుంది. ఆ ఘడియ జ్ఞానం అల్లాహ్ వద్దనే ఉందని ఖురాన్ ఏడో అధ్యాయం అంటుంది. మూడు సంప్రదాయాలూ ప్రళయం ఉందన్నాయి, రేపో ఎల్లుండో అన్న తేదీ మాత్రం ఏదీ మనిషి చేతికి ఇవ్వలేదు.

అయినా లెక్కలు వేసిన వాళ్లు ఉన్నారు. అందరికంటే పేరుమోసిన వాడు అమెరికా రైతు, బోధకుడు విలియం మిల్లర్. బైబిల్లోని దానియేలు గ్రంథంలో 2,300 దినాల మాట ఒకటి వస్తుంది. దినం అంటే సంవత్సరం అనుకుని, క్రీ.పూ. 457 నుంచి లెక్కపెట్టి, క్రీస్తు తిరిగివచ్చేది 1843–44 మధ్య అని తేల్చాడు. అనుచరులు చివరికి 1844 అక్టోబరు 22 దగ్గర స్థిరపడ్డారు. కొందరు పొలాల్లో పంట కోయకుండా వదిలేశారు. 23 తెల్లారింది. చరిత్రలో దానికి ‘మహా నిరాశ’ అని పేరు. ఉద్యమం మాత్రం చావలేదు. ఆ రోజు భూమ్మీద కాకుండా పరలోకంలో ఏదో జరిగిందని కొందరు అర్థం చెప్పుకున్నారు, వాళ్లలోంచి సెవెంత్‌డే అడ్వెంటిస్టు సంఘం పుట్టింది. మన నూజివీడులో ఆస్పత్రి పెట్టింది ఆ సంఘం వాళ్లే. మొదట్లో లోకం ముగుస్తుందని ఎదురుచూసిన వాళ్ల వారసులు తర్వాత లోకంలో ఆస్పత్రులూ బడులూ కట్టుకుంటూ పోయారు.

మిల్లర్ లెక్కకు ఆధారం గ్రంథమే, నిజమే. కానీ దానియేలు ఆ మాటను ఏ సంవత్సరం నుంచి లెక్కపెట్టాలో చెప్పలేదు. ఆ మొదలు మిల్లర్ తెచ్చుకున్నది.

ఎనిమిదో గ్రహం సంగతి

అష్టగ్రహ కూటమి దగ్గరికే మళ్లీ వద్దాం. ఎనిమిది గ్రహాలు ఏవి? సూర్యుడు, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, శని, కేతువు. తొమ్మిదోది రాహువు ఎందుకు రాలేదు? ఎప్పటికీ రావడం కుదరదు. చంద్రుడి దారి సూర్యుడి దారిని రెండు చోట్ల దాటుతుంది. ఆ రెండు దాటుచోట్లే రాహుకేతువులు. అవి ఎప్పుడూ ఎదురెదురుగా, ఆరు రాశుల ఎడంలో ఉంటాయి. కనుక నవగ్రహ కూటమి అన్నది గణితంలో అసాధ్యం. ఎనిమిదే గరిష్ఠం.

అమావాస్య నాడు సూర్యచంద్రులు ఒక్కచోటే ఉంటారు. ఆ చోటే కేతువు కూడా ఉంటే సూర్యగ్రహణం పడుతుంది. ఆ అమావాస్యకు పడింది కూడా. 1962 ఫిబ్రవరి 5న సంపూర్ణ సూర్యగ్రహణం, ముఖ్యంగా న్యూగినియా చుట్టుపక్కల పసిఫిక్ ప్రాంతాల్లో కనిపించింది. అంటే కూటమిలో ‘ఎనిమిదో గ్రహం’ వేరే వస్తువేమీ కాదు, గ్రహణం అన్న సంగతికే మరో పేరు. ఒకే విషయాన్ని రెండుసార్లు లెక్కపెట్టి భయాన్ని రెండింతలు చేశారు.

మరి ఆ గ్రహాలన్నీ ఒకవైపు చేరి భూమిని లాగేస్తాయన్న వాదన? కుజుడు, గురుడు, శని భూమికంటే బయటి కక్ష్యల్లో తిరుగుతాయి. అవి ఆకాశంలో సూర్యుడున్న దిక్కున కనిపించాలంటే సూర్యుడికి ఆవలి పక్కన ఉండాలి. అంటే కూటమి రోజున అవి భూమికి దాదాపు అత్యంత దూరంలో ఉన్నాయి. దగ్గరగా ఉన్నప్పుడైనా పెద్ద తేడా లేదు. సముద్రంలో ఆటుపోట్లు తెచ్చే శక్తిలో చంద్రుడు మొదటివాడు, సూర్యుడిది అందులో సగం కన్నా తక్కువ. ఆ తర్వాతిది శుక్రుడు. భూమికి అతి దగ్గరగా వచ్చినప్పుడు కూడా దాని వంతు చంద్రుడి శక్తిలో పదివేలో వంతు ఉండదు. ప్రతి పౌర్ణమికీ అమావాస్యకూ సముద్రం మీద పడే లాగుడు ముందు అష్టగ్రహ కూటమి అదనంగా తెచ్చింది లెక్కలోకే రాదు.

ఫిబ్రవరి 5 వెళ్లిపోయింది. అదే నెల 19న మూడో సాధారణ ఎన్నికల పోలింగ్ మొదలైంది. నమ్మినవాళ్లు ఓడిపోయారని మాత్రం అనుకోవద్దు. యజ్ఞాలు చేశాం కాబట్టే గండం గడిచిందన్నారు కొందరు. అక్టోబరులో చైనా యుద్ధం వచ్చాక, చూశారా, కూటమి ఫలితం అదేనన్నారు మరికొందరు. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి పొసగవు. గండం గడిచిందా, వచ్చిందా? రెండూ ఒకే నోటితో అన్నవాళ్లున్నారు.

1979: ఎక్కడో పడేది ఇక్కడే పడుతుందని

తెలుగు నేల మీద ప్రళయ భయం అనగానే పెద్దవాళ్లకు ముందు గుర్తొచ్చేది స్కైలాబ్. 1973 మే 14న అమెరికా ప్రయోగించిన అంతరిక్ష కేంద్రం అది. బరువు 75 టన్నులకు పైనే. మూడు విడతల్లో తొమ్మిది మంది అందులో ఉండి వచ్చారు. 1974 ఫిబ్రవరి తర్వాత ఖాళీగా తిరుగుతూ ఉండిపోయింది. స్పేస్ షటిల్ సిద్ధమయ్యాక దాన్ని పైకి నెట్టుకోవచ్చని నాసా లెక్క. షటిల్ ఆలస్యమైంది, మొదటిసారి ఎగిరింది 1981లో. ఈలోగా సూర్యుడి మీద అలజడి అనుకున్న దానికంటే ఎక్కువై, భూమి పైవాతావరణం వేడెక్కి ఉబ్బింది. ఆ పలుచని గాలి ఒరిపిడికే స్కైలాబ్ కిందికి జారడం మొదలుపెట్టింది.

పడుతుందని తెలుసు. ఎక్కడ పడుతుందో చివరి గంటల దాకా ఎవరూ చెప్పలేరు. దాని కక్ష్య భూమధ్యరేఖకు అటూ ఇటూ 50 డిగ్రీల దాకా పోతుంది కనుక, భారతదేశం మొత్తం ఆ దారిలోనే ఉంది. ముక్కల్లో ఏదో ఒకటి ఎవరో ఒకరికి తగిలే అవకాశం 152లో ఒకటని నాసా చెప్పింది. ఎవరో ఒకరికి అన్నమాట. ఫలానా మనిషికే తగలాలంటే అది 60 వేల కోట్లలో ఒకటి.

ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరంలోనే భయమంతా పుట్టింది. రేడియో వార్త టీ కొట్టు దగ్గరికీ, అక్కడి నుంచి రచ్చబండ దగ్గరికీ, అక్కడి నుంచి ఇళ్లలోకీ పోయేసరికి ‘ఎక్కడో’ కాస్తా ‘ఇక్కడే’ అయింది, ‘ఎవరికో’ కాస్తా ‘అందరికీ’ అయింది. స్కైలాబ్ అనే మాటకు అర్థం చాలామందికి తెలియదు. ఆకాశం నుంచి పెద్దదేదో పడుతుంది, పడితే ఊళ్లు ఉండవు. అంతవరకు తెలిస్తే చాలు.

ఆ రోజుల గురించి ఇప్పటికీ తెలంగాణ, రాయలసీమ, కోస్తా పల్లెల్లో చెప్పుకునే ముచ్చట్లు దాదాపు ఒకేలా ఉంటాయి. ఎలాగూ పోతున్నాం కదా అని ఉన్న కోళ్లనూ మేకలనూ కోసుకు తిన్నారు. దాచుకున్న ధాన్యం అమ్మి కల్లు, సారా తాగారు. బాకీ తీర్చాల్సిన వాళ్లు తీర్చడం మానేశారు, రావలసిన వాళ్లు అడగడానికి మొహమాటపడ్డారు. చివరి రాత్రి అందరూ ఒక్కచోటే పడుకున్న కుటుంబాలున్నాయి. ఆ ఏడాది పుట్టిన పిల్లలకు స్కైలాబ్ అని పేరు పెట్టిన వాళ్లున్నారు, ఆ పేరుతో ఇప్పటికీ మనుషులు కనిపిస్తారు. ఈ ముచ్చట్లలో కొంత మసాలా చేరి ఉండొచ్చు. కానీ ఇన్ని ఊళ్లలో ఇన్నేళ్ల తర్వాత ఒకే తీరున వినిపించడాన్ని పూర్తిగా కల్పన అని తీసిపారేయలేం.

గమనించాల్సింది, ఇక్కడ హోమాల కంటే విందులే ఎక్కువ గుర్తుండిపోయాయి. 1962 నాటి భయానికి జ్యోతిషుడు మధ్యవర్తి, కనుక శాంతి ఉంది, పరిహారం ఉంది, ఖర్చు పెడితే తప్పించుకునే దారి ఉంది. స్కైలాబ్‌కు అలాంటి మధ్యవర్తి ఎవరూ లేరు. ఇనుప ముక్కకు శాంతి చేయించడం ఎలా? పరిహారం లేని చోట జనం తినడానికీ తాగడానికీ పూనుకున్నారు.

దీన్ని వెర్రితనం అని నవ్వే ముందు ఇంకోటి గుర్తుచేసుకోవాలి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. పదివేల మందికి పైగా చనిపోయారు. ఒక్క రాత్రిలో ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. స్కైలాబ్ వార్త వచ్చేసరికి దానికి రెండేళ్లు కూడా నిండలేదు. ఒక రాత్రికి రాత్రే సర్వం పోవడమన్నది కృష్ణా తీరంలో పురాణ కథ కాదు, కళ్లతో చూసిన సంగతి. అలాంటి చోట ఆకాశం నుంచి ఇంకేదో వస్తోందంటే నమ్మకపోవడమే కష్టం.

1979 జూలై 11న, మన గడియారాల్లో రాత్రి పది దాటాక, స్కైలాబ్ వాతావరణంలోకి దిగి ముక్కలైంది. హిందూ మహాసముద్రంలో కొన్ని, పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పెరాన్స్ చుట్టుపక్కల కొన్ని పడ్డాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. రోడ్ల మీద చెత్త వేసినందుకు ఎస్పెరాన్స్ పురపాలకులు నాసాకు 400 డాలర్ల జరిమానా వేశారు, సరదాకే అనుకోండి. 2009లో ఒక అమెరికా రేడియో వ్యాఖ్యాత శ్రోతల దగ్గర చందాలు పోగుచేసి అది కట్టేశాడు. మన దేశంలో ఆ వారం కూలింది మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం ఒక్కటే. ఊళ్లలో మాత్రం కోళ్లు పోయాయి, అప్పులు మిగిలాయి.

గుర్తులు చెప్పే జోస్యం

తెలుగువాళ్ల మధ్య యుగాంతం మాట వస్తే పోతులూరి వీరబ్రహ్మం గారిని తలచుకోకుండా ఉండరు. బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ గారింట పశువులు కాస్తూ, రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశారనీ, ఆ తాళపత్రాలను పాతిపెట్టిన చోట చింతచెట్టు మొలిచిందనీ కథ. కడప జిల్లా కందిమల్లాయపల్లెలో ఆయన జీవసమాధి ఉంది. ఆ ఊరే ఇప్పుడు బ్రహ్మంగారి మఠం.

కాలజ్ఞానం తీరు వేరు. జనం నోట ఎక్కువగా ఆడే మాటల్లో తేదీ ఉండదు, గుర్తులుంటాయి. యాగంటి బసవన్న లేచి రంకె వేస్తాడు. కృష్ణమ్మ పొంగి బెజవాడ కనకదుర్గ ముక్కుపుడకను తాకుతుంది. యాగంటిలో నంది విగ్రహం ఏటికేడాది పెరుగుతోందని, ఒకప్పుడు దాని చుట్టూ ప్రదక్షిణ చేసే చోటు ఉండేదని, ఇప్పుడు లేదని చెబుతారు. ఈ గుర్తులన్నీ నెమ్మదిగా నడిచేవి. బసవన్న ఇంకా రంకె వేయలేదు కనుక జోస్యం తప్పలేదు, పెరుగుతున్నాడు కనుక తప్పబోదు. 2009 అక్టోబరులో, మళ్లీ 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ముక్కుపుడక మాట మళ్లీ పైకి వచ్చింది. నీళ్లు తగ్గాయి, మాట మళ్లీ సర్దుకుంది.

కొన్ని కాలజ్ఞాన ప్రతుల్లో సంవత్సరాల పేర్లు కూడా కనిపిస్తాయి. వాటితోనూ ఇబ్బంది లేదు. తెలుగు సంవత్సరాలు అరవై. అష్టగ్రహ కూటమి వచ్చింది ప్లవ నామ సంవత్సరంలో, ఆ ప్లవ మళ్లీ 2021 ఉగాదికి వచ్చి వెళ్లింది. ఫలానా పేరుగల ఏడాదిలో ఉపద్రవం అని రాస్తే, అరవై ఏళ్లకోసారి దానికి కొత్త అవకాశం దొరుకుతుంది. పైగా తాళపత్రాల నుంచి అచ్చు పుస్తకాలకూ, అక్కడి నుంచి బుర్రకథలకూ, నాటకాలకూ, ఫోన్లలో తిరిగే సందేశాలకూ వచ్చే దారిలో ఏది మొదటిదో, ఏది మధ్యలో చేరిందో విడదీయడం కష్టం. 2020లో కరోనా వచ్చిన కొద్ది రోజుల్లోనే ఆ జబ్బు పేరును పోలిన పేరుతో ఒక పద్యం చేతులు మారింది. అంటువ్యాధి వచ్చాక బయటపడే జోస్యం దేనికి పనికొస్తుందన్న ప్రశ్న ఎవరూ వేసుకోలేదు.

బ్రహ్మం గారిని ఈ గొడవలోకి లాగేవాళ్లు మరిచిపోయేది, ఆయన బోధలో ప్రళయం కంటే కులాల అహంకారాన్ని ఎత్తిచూపడమే పెద్దపాలు. దూదేకుల సిద్ధయ్యను ప్రియశిష్యుడిగా చేసుకున్న గురువాయన. ఆ సంగతి టీవీ చర్చల్లో రాదు, బసవన్న రంకె మాత్రం వస్తుంది.

ఇరవయ్యో శతాబ్దం నుంచి వరస

1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు దాని తోకలో విషవాయువు సయనోజన్ ఉందని వర్ణపట పరిశీలనలో తేలింది. అది నిజం. మే 18, 19 తేదీల్లో భూమి ఆ తోకలోంచి పోతుందన్నారు. తోక ఎంత పలుచనిదంటే గాలిలో దాని జాడ కూడా దొరకదు, ఆ ముక్క మాత్రం వార్తలో చివరికెక్కడో పోయింది. అమెరికాలో తోకచుక్క మాత్రలు అమ్ముకున్నారు. తెలుగులో మాత్రం గురజాడ అదే ఏడాది ముత్యాల సరాల్లో తోకచుక్కను భార్యాభర్తల సంభాషణలోకి తెచ్చి, అది చెడు శకునం కాదని తేల్చిపారేశాడు. ఆ రోజుల్లో పత్రికల్లో వచ్చిన కలకలం కన్నా ఆ కవిత ఎక్కువ సైన్సు తెలిసినట్టు ఉంటుంది.

2008 సెప్టెంబరు 10న జెనీవా దగ్గర సెర్న్‌లో పెద్ద కణ యంత్రం ప్రారంభమైంది. కృష్ణబిలం పుట్టి భూమిని మింగేస్తుందని చానెళ్లు రోజంతా ఊదరగొట్టాయి. ఆ రోజు యంత్రంలో కణాలు ఒకదాన్నొకటి ఢీకొననే లేదు. ఒక కణపుంజాన్ని చుట్టూ తిప్పి చూశారంతే. ఢీకొట్టడం మొదలైంది 2009 నవంబరులో, అప్పటికి చానెళ్లు వేరే పనిలో పడ్డాయి. అంతకంటే ఎక్కువ శక్తిగల కాస్మిక్ కిరణాలు కోట్ల ఏళ్లుగా మన వాతావరణాన్ని ఢీకొడుతూనే ఉన్నాయన్నది ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఆ వార్తలు చూసి భయపడి మధ్యప్రదేశ్‌లో ఒక బాలిక ప్రాణం తీసుకుందని పత్రికల్లో వచ్చింది. ఇలాంటి ప్రచారాన్ని కాలక్షేపం కింద వదిలేయలేకపోవడానికి అదొక్కటి చాలు.

2012 డిసెంబరు 21 కథ అందరికీ తెలిసిందే. మాయా నాగరికత వాళ్ల దీర్ఘ గణనలో 1,44,000 రోజుల కాలఖండాలు పదమూడు ఆ రోజుకు పూర్తయ్యాయి. మన పంచాంగంలో ఒక సంవత్సరం పూర్తయితే ఏమవుతుందో, అదే అయింది. పాలెంకేలోని ఒక మాయా శాసనం క్రీ.శ. 4772 నాటి రోజును ప్రస్తావిస్తుంది. 2012లో లోకం ముగుస్తుందని నమ్మిన వాళ్లు ఆ తేదీ ఎందుకు చెక్కిస్తారు? 2020 జూన్ 21 సూర్యగ్రహణానికి ముందు, మాయా లెక్కను పాశ్చాత్య క్యాలెండరుకు మార్చడంలో ఎనిమిదేళ్ల తప్పు దొర్లిందని, అసలు అంతం ఇప్పుడేనని మళ్లీ తిప్పారు. ఆ రోజు కూడా గడిచింది.

తేదీ గడిచాక నమ్మకం ఏమవుతుందన్నది మనస్తత్వ శాస్త్రవేత్త లియాన్ ఫెస్టింగర్ దగ్గరుండి చూశాడు. అమెరికాలో ఒక చిన్న బృందం 1954 డిసెంబరు 21న (ఈ డిసెంబరు 21కీ ప్రళయానికీ ఏదో పొత్తున్నట్టుంది) మహావరద వస్తుందని, తమను మాత్రం ఎగిరే పళ్లేలు వచ్చి తీసుకుపోతాయని ఎదురుచూసింది. ఫెస్టింగర్ తన సహాయకులతో ఆ బృందంలో చేరాడు. వరద రాలేదు. అంతవరకు పత్రికలవాళ్లను దగ్గరికి రానివ్వని ఆ బృందం, ఆ తెల్లవారుజాము నుంచి తమంతట తామే పత్రికలకు ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. తమ విశ్వాసం చూసి దేవుడు లోకాన్ని వదిలేశాడని వాళ్ల వివరణ. ఉద్యోగం, ఇల్లు, పరువు ఆ నమ్మకం మీద పెట్టేసిన వాళ్లకు తప్పు ఒప్పుకోవడం కంటే ఇంకో నలుగురిని కలుపుకోవడం సులువు. 1962లో యజ్ఞాల వల్లే బతికామన్న మాటా ఇదే బాపతు.

లెక్క మారుతూ పోయే తేదీలు

ఇప్పటి భయాలు ఎక్కువగా గ్రహశకలాల చుట్టూ తిరుగుతున్నాయి. ఇక్కడ తేదీ నిజంగానే శాస్త్రవేత్తల నుంచే వస్తుంది, శాతంతో సహా. 2024 డిసెంబరు చివర కనిపెట్టిన 2024 వైఆర్4 అనే రాయి 2032 డిసెంబరు 22న భూమిని ఢీకొట్టవచ్చని లెక్క వచ్చింది. అవకాశం ఒక శాతం అన్నారు, రెండు అన్నారు, 2025 ఫిబ్రవరి మధ్యలో 3.1 శాతం అన్నారు. ఢీకొట్టే అవకాశమున్న పట్టీ భారత ఉపఖండం మీదుగా పోతుండటంతో మన వెబ్‌సైట్లలో నగరాల పేర్లు కూడా వచ్చేశాయి. ఒకటి నుంచి మూడుకు పెరిగిందంటే రాయి దగ్గరపడుతోందనే చదివేవాళ్లు అనుకుంటారు.

జరిగేది వేరు. మొదట్లో రాయి దారి సరిగ్గా తెలియదు. 2032లో అది ఉండగల చోటు చాలా వెడల్పుగా ఉంటుంది, ఆ వెడల్పులో భూమి ఒక చిన్న చుక్క. పరిశీలనలు పెరిగేకొద్దీ ఆ వెడల్పు కుంచించుకుపోతుంది. భూమి ఇంకా దాని లోపలే ఉంటే, కుంచించుకుపోయిన ఆ చోటులో భూమి ఆక్రమించే వాటా పెరుగుతుంది, కనుక శాతం పెరుగుతుంది. ఇంకాస్త కుంచించుకున్నాక భూమి అంచు దాటి బయటికి వచ్చేస్తుంది, శాతం ఒక్కసారిగా సున్నాకు పడిపోతుంది. ఫిబ్రవరి నెల ముగిసేలోగా అదే జరిగింది. ఒకవేళ అది పడినా, అరవై మీటర్ల అటూఇటూ ఉన్న రాయి ఒక నగరాన్ని ధ్వంసం చేయగలదు గానీ లోకాన్ని కాదు.

ఇదే దారిలో ఇంతకుముందు నడిచింది అపోఫిస్. 2004లో కనిపెట్టినప్పుడు, 2029లో ఢీకొట్టే అవకాశం 2.7 శాతం దాకా పోయింది. 2021లో రాడార్ పరిశీలనల తర్వాత కనీసం వందేళ్ల పాటు దానితో ముప్పు లేదని నాసా జాబితాలోంచి తీసేసింది. అయినా దాని పేరు మీద పుకార్లు పుట్టడానికి కావలసిన సరుకంతా సిద్ధంగా ఉంది. అది భూమికి దగ్గరగా వచ్చేది 2029 ఏప్రిల్ 13, శుక్రవారం. మన గడియారాల్లో అది దాటిపోయేది ఆ రాత్రి గడిచి, 14 తెల్లవారుజామున. దృక్ గణితం ప్రకారం అది అధికమాసపు అమావాస్య రాత్రి. శుక్రవారం పదమూడు పడమటివాళ్లకు, అధికమాసపు అమావాస్య మనకు. 1962లో అయితే హోమాలకు ఈ రెండో ముక్క ఒక్కటే సరిపోయేది.

ఆ రాత్రి 340 మీటర్ల పైచిలుకు ఉన్న ఆ రాయి భూమి ఉపరితలానికి దాదాపు 32 వేల కిలోమీటర్ల దూరం నుంచి, అంటే మన టీవీ ప్రసారాల ఉపగ్రహాల కక్ష్య కంటే దిగువ నుంచి పోతుంది. యూరప్, ఆఫ్రికా, పశ్చిమాసియా దేశాల్లో ఉన్నవాళ్లకు ఆకాశం నిర్మలంగా ఉంటే కదిలే చుక్కలా ఉత్త కంటికే కనిపిస్తుంది. దుబాయ్, కువైట్‌లలో ఉన్న తెలుగువాళ్లు మేడ ఎక్కి ప్రయత్నించవచ్చు. భూమి ఆకర్షణకు ఆ రాయి దారీ, అది తన చుట్టూ తాను తిరిగే తీరూ ఎలా మారతాయో చూడటానికి నాసా ఇప్పటికే అంతరిక్షంలో ఉన్న ఓసిరిస్ నౌకను అటు మళ్లించింది.